మానసిక ఆరోగ్య సేవల్లో రెండేళ్ల డిగ్రీ: పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా?

అమెరికాలో ఒక మామూలు కమ్యూనిటీ కాలేజీని తీసుకుందాం. ఒకే అంతస్తులో పక్కపక్కనే రెండు తరగతి గదులు. ఒకదాంట్లో నర్సింగ్ కోర్సు నడుస్తోంది, రెండోదాంట్లో మానసిక ఆరోగ్య సేవల కోర్సు. రెండింటి చివరా చేతికొచ్చేది 'అసోసియేట్ డిగ్రీ'యే. ఇది హైస్కూలు తర్వాత రెండేళ్లు చదివితే వచ్చే, నాలుగేళ్ల బ్యాచిలర్ డిగ్రీలో సగం అనుకోదగ్గ పట్టా. ట్యూషన్ ఫీజులో పెద్ద తేడా ఉండదు. కానీ నర్సింగ్ గదిలోంచి బయటికొచ్చినవారు లైసెన్సు పరీక్ష రాసి రిజిస్టర్డ్ నర్సులు కావచ్చు. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2023 మే నాటికి ఆ వృత్తిలో మధ్యగత వార్షిక వేతనం 86,070 డాలర్లు. పక్క గదిలో చదివినవారు సాధారణంగా చేరగలిగేది 'సామాజిక, మానవ సేవల సహాయకులు' అనే వర్గంలో. అక్కడ మధ్యగత వేతనం 41,410 డాలర్లు.

మధ్యగతం అంటే, ఆ వృత్తిలో ఉన్నవారందరినీ జీతాల వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న వ్యక్తి జీతం. నర్సుల లెక్కలో నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారూ కలిసి ఉన్నారు కాబట్టి తేడా కొంత ఎక్కువగా కనిపిస్తుంది. ఆ మేరకు తగ్గించుకున్నా, ఒకే కాలేజీ, ఒకే రెండేళ్లు, దాదాపు ఒకే ఖర్చు చివర ఇంత దూరం ఎందుకు? మానసిక రోగి పక్కన కూర్చుని మాట్లాడటం, మందులు వేసుకునేలా చూడటం, ఇల్లు, ఉద్యోగం వెతికిపెట్టడం, ప్రాణం తీసుకోవాలనే ఆలోచన వచ్చినప్పుడు ముందే గుర్తుపట్టడం తేలికైన పనులని ఎవరూ అనరు. మరి ధర ఎక్కడ నిర్ణయమవుతోంది?

ఈ డిగ్రీ ఎందుకు పుట్టింది

1955లో అమెరికా ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో సుమారు 5 లక్షల 60 వేల మంది రోగులు ఉండేవారు. ఆ దేశ చరిత్రలో అదే గరిష్ఠం. అంతకు ఏడాది ముందే క్లోర్‌ప్రొమజైన్ అనే మందుకు అనుమతి రావడంతో, చాలామందిని ఆసుపత్రి గోడల మధ్య ఉంచకుండానే చికిత్స చేయొచ్చన్న నమ్మకం పెరిగింది. 1963 అక్టోబరు 31న అధ్యక్షుడు కెనెడీ సంతకం చేసిన కమ్యూనిటీ మానసిక ఆరోగ్య చట్టం ఆ నమ్మకాన్ని విధానంగా మార్చింది. రోగులు ఊళ్లలోకి వస్తారు సరే, వారిని చూసుకునేదెవరు? సైకియాట్రిస్టులు సరిపోరు. పీహెచ్‌డీ చేసిన సైకాలజిస్టులూ సరిపోరు. మధ్యలో ఒక శ్రేణి సిబ్బంది కావాలి. 1960ల మధ్యలో పర్డ్యూ యూనివర్సిటీ ఫోర్ట్ వేన్ క్యాంపస్‌లో జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిధులతో రెండేళ్ల కోర్సు మొదలైంది. తర్వాత దేశమంతటా కమ్యూనిటీ కాలేజీలు అదే బాట పట్టాయి.

అదే కాలంలో ఇంకో ఆశ కూడా ఉండేది. పేద కుటుంబాల నుంచి వచ్చినవారు ఈ మెట్టు ఎక్కి, పని చేస్తూనే పై మెట్లకు వెళతారని. 1965లో ఆర్థర్ పెర్ల్, ఫ్రాంక్ రీస్‌మన్ రాసిన 'న్యూ కెరీర్స్ ఫర్ ది పూర్' పుస్తకం ఈ ఆలోచనకు పేరు తెచ్చింది. ఆ మెట్లు నిజంగా ఉన్నాయా అన్నది తర్వాత చూద్దాం. ముందు తొలి మెట్టు ఖరీదెంతో లెక్క కడదాం.

చేతి లెక్క

చదువును పెట్టుబడిగా చూసి లెక్కగట్టే పద్ధతికి గ్యారీ బెకర్, జేకబ్ మిన్సర్ అనే ఆర్థికవేత్తలు 1960, 70లలో గట్టి పునాది వేశారు. సూత్రం చిన్నదే. ఇప్పుడు పెట్టే ఖర్చును ఒక పళ్లెంలో, ముందు ముందు ఏటా అదనంగా వచ్చే జీతాన్ని ఇంకో పళ్లెంలో వేయాలి. అయితే పదేళ్ల తర్వాత వచ్చే వంద డాలర్లు ఈ రోజు వంద డాలర్లతో సమానం కాదు. బ్యాంకులో వేస్తే వడ్డీ వచ్చేది కదా. అందుకని భవిష్యత్తు డబ్బును వడ్డీ రేటుతో తగ్గించి, నేటి విలువకు మార్చి తూచాలి.

ఖర్చు వైపు చూద్దాం. కాలేజ్ బోర్డ్ లెక్క ప్రకారం సొంత జిల్లాలోని ప్రభుత్వ రెండేళ్ల కాలేజీలో 2023-24లో సగటు ఫీజు ఏడాదికి 3,990 డాలర్లు. రెండేళ్లకు 8,000 అనుకుందాం. పుస్తకాలకు ఇంకో 3,000. నిజానికి పేద విద్యార్థులకు అందే పెల్ గ్రాంటు గరిష్ఠంగా ఏడాదికి 7,395 డాలర్లు. అది పూర్తిగా వస్తే ఫీజు పోగా ఇంకా మిగులుతుంది. అంటే ఇక్కడ పెద్ద ఖర్చు ఫీజు కాదు, చదువుకుంటున్న రెండేళ్లలో సంపాదించకుండా వదులుకున్న జీతం. ఆర్థికశాస్త్రంలో దీన్ని అవకాశ వ్యయం అంటారు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఏదైనా దుకాణంలో చేరితే ఏడాదికి 30,000 డాలర్లు వస్తాయనుకుందాం. చదువుతో పాటు సగం పూట పనిచేస్తే పోయేది ఏడాదికి 15,000, రెండేళ్లకు 30,000. మొత్తం ఖర్చు 41,000 డాలర్లు.

రాబడి వైపు, 2023లో అమెరికాలో పాతికేళ్లు దాటి పూర్తికాలం పనిచేసేవారి మధ్యగత వారపు వేతనం హైస్కూలు చదువుతో 899 డాలర్లు, అసోసియేట్ డిగ్రీతో 1,058, బ్యాచిలర్‌తో 1,493. హైస్కూలుకూ అసోసియేట్‌కూ తేడా వారానికి 159, ఏడాదికి 8,268 డాలర్లు. నలభై ఏళ్ల ఉద్యోగ జీవితం, 4 శాతం వడ్డీ అనుకుంటే ఈ అదనపు జీతం నేటి విలువ సుమారు 1,51,000 డాలర్లు. పెట్టింది 41,000. బ్రహ్మాండమైన లాభం! కాలేజీ ప్రకటనల్లో కనిపించే లెక్క దాదాపు ఇలాగే ఉంటుంది.

చిక్కు ఏమిటంటే, ఆ 1,058 డాలర్లు అసోసియేట్ డిగ్రీ ఉన్న అందరిదీ. అందులో నర్సులున్నారు, ఎక్స్‌రే టెక్నీషియన్లున్నారు, విమానాల మెకానిక్కులున్నారు. మన సహాయకుడి 41,410 డాలర్లను వారాలకు విభజిస్తే వచ్చేది 796. అంటే ఏ డిగ్రీ లేని హైస్కూలు ఉద్యోగి మధ్యగతం కంటే తక్కువ! రెండు అంకెలూ వేర్వేరు సర్వేల నుంచి వచ్చాయి కాబట్టి డాలరుకు డాలరు పోల్చడం సరికాదు. ఒకటి వృత్తిని బట్టి, ఇంకొకటి చదువును బట్టి లెక్కిస్తుంది. అయినా దిశ మాత్రం స్పష్టం. పైగా కార్మిక గణాంకాల సంస్థే ఈ సహాయకుల ఉద్యోగానికి 'సాధారణంగా కావలసిన చదువు' హైస్కూలు అని రాసింది. డిగ్రీ లేనివాడినీ తీసుకునే ఉద్యోగంలో డిగ్రీకి అదనంగా ఎంత ఇస్తారు?

అలాగని విలువ సున్నా అనడమూ తొందరపాటే. సరైన పోలిక దేశం మొత్తం హైస్కూలు ఉద్యోగులతో కాదు, ఈ మనిషే డిగ్రీ లేకపోతే ఏం చేసేవాడు అన్నదానితో. మనుషులను చూసుకునే పనిలో ఇష్టం ఉన్నవారికి డిగ్రీ లేకుండా ఎక్కువగా దొరికేది ఇళ్లలో వృద్ధులకు, రోగులకు సాయపడే పని. దాని మధ్యగత వేతనం అదే 2023లో 33,530 డాలర్లు. అక్కడి నుంచి చూస్తే 41,410కి రావడం ఏడాదికి 7,880 డాలర్ల పెరుగుదల. అందులో ఎంత డిగ్రీ వల్ల, ఎంత అనుభవం వల్ల అన్నది వేరే సంగతి.

భౌతికశాస్త్రం చదివిన అలవాటు కొద్దీ, ఏ లెక్క చేసినా అందులో ఏ అంకెను కదిపితే జవాబు ఎక్కువగా కదులుతుందో చూడాలనిపిస్తుంది. ఇక్కడ కదపాల్సింది ఫీజు కాదు, సమయం. సగం పూట పనిచేస్తూ చదివితే, డిగ్రీ వల్ల ఏడాదికి కనీసం 2,240 డాలర్లు ఎక్కువ రావాలి, అప్పుడే అసలు తిరిగొస్తుంది. ఉద్యోగం పూర్తిగా మానేసి చదివితే 3,880 రావాలి. పగలు ఉద్యోగం చేస్తూ సాయంత్రం తరగతులకు వెళితే 600 చాలు. ఒకే డిగ్రీ, ఒకే జీతం. చదివిన తీరును బట్టి ఒకరికి లాభం, ఇంకొకరికి నష్టం.

ఇంకో అంకె ఉంది. దాన్ని ప్రకటనలు ఎప్పుడూ చెప్పవు. కమ్యూనిటీ కాలేజీల్లో చేరినవారిలో ఆరేళ్లలోపు ఏదో ఒక పట్టా పూర్తిచేసేది సగం కంటే తక్కువమంది. పదిమందిలో నలుగురు పూర్తిచేస్తారనీ, మిగతా ఆరుగురూ ఏడాది చదివి ఆపేస్తారనీ, వారికి దాని వల్ల ఏమీ కలిసిరాదనీ అనుకుని లెక్క తిరగరాస్తే, సగం పూట పనిచేస్తూ చదివినవారికీ కావలసిన పెరుగుదల 2,240 నుంచి సుమారు 3,900కు చేరుతుంది. ఫీజులో రాయితీ కంటే, రెండో ఏడాది మధ్యలో పిల్లలను చూసుకునేవారు దొరకడమో, బస్సు సమయానికి రావడమో ఈ పెట్టుబడిని ఎక్కువగా కాపాడుతుంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో హెచ్-4 వీసా మీద ఉన్న భార్యలో, భర్తలో ఇలాంటి కోర్సుల వైపు చూడటం సహజం. ఆ వీసాతో చదువుకోవచ్చు. పని చేయాలంటే మాత్రం 2015 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, జీవిత భాగస్వామి గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశకు చేరాక వచ్చే అనుమతి పత్రం కావాలి. లెక్కలో ఇది రెండు వైపులా పనిచేస్తుంది. వదులుకునే జీతం ఎలాగూ లేదు కాబట్టి చదువు చవక. కానీ అనుమతి అయిదేళ్లు ఆలస్యమైతే, నలభై ఏళ్ల పాటు ఏటా ఒక డాలరు పెరుగుదలకు నేటి విలువ 18.3 డాలర్ల నుంచి దాదాపు 14కు పడిపోతుంది.

పరిశోధకులు ఏం కనుక్కున్నారు

పైన చేసిన లెక్కల్లో ఒక మోసం దాగి ఉంది. డిగ్రీ ఉన్నవారి జీతం ఎక్కువని తేలితే, అది డిగ్రీ వల్లనేనా? ఓపిక, పట్టుదల, ఇంట్లో కాస్త ఆసరా ఉన్నవారే డిగ్రీ పూర్తిచేస్తారు. వారు డిగ్రీ లేకపోయినా ఎక్కువ సంపాదించేవారేమో. మందుల పరీక్షలో అయితే లాటరీ తీసి కొందరికి మందు, కొందరికి ఉత్త మాత్ర ఇస్తాం. చదువును అలా పంచలేం.

అందుకే పరిశోధకులు వేరే దారులు పట్టారు. థామస్ కేన్, సిసిలియా రౌజ్ 1995లో ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థుల కుటుంబ నేపథ్యం, పరీక్ష మార్కులు పరిగణనలోకి తీసుకుని చూశారు. రెండేళ్ల కాలేజీలో ఒక ఏడాది చదువుకు వచ్చే ఫలితం, నాలుగేళ్ల కాలేజీలో ఒక ఏడాది చదువుకు వచ్చే ఫలితంతో దాదాపు సమానమని తేలింది. చిన్న కాలేజీ అని చిన్నచూపు చూడాల్సిన పనిలేదన్నమాట.

2014లో కెంటకీ రాష్ట్రంలో జెప్సెన్, ట్రోస్కే, కూమ్స్ చేసిన పని ఇంకా సూటిగా ఉంటుంది. వారు ఒకే మనిషి చదువుకు ముందు సంపాదననూ, చదువు తర్వాత సంపాదననూ పోల్చారు. మనిషి మారడు కాబట్టి అతని ఓపిక, పట్టుదల లెక్కలోంచి తప్పుకుంటాయి. అసోసియేట్ డిగ్రీ వల్ల మూడు నెలలకు మహిళలకు సుమారు 2,400 డాలర్లు, పురుషులకు సుమారు 1,500 డాలర్లు పెరిగాయి. స్వల్పకాలిక సర్టిఫికెట్లతో వచ్చింది చాలా తక్కువ. అదే అధ్యయనం ఇంకో మాట కూడా గట్టిగా చెప్పింది: చదివిన రంగాన్ని బట్టి ఫలితాల్లో చాలా తేడా ఉంది, ఆరోగ్య రంగ కోర్సులు అన్నింటికంటే ముందున్నాయి. అంటే సగటు అంకె చూసి సంబరపడటానికి లేదు. ఏ గదిలో కూర్చుంటున్నామన్నదే ముఖ్యం.

బిల్లు ఎవరు రాయగలరు

మానసిక ఆరోగ్య సేవలు 'ఆరోగ్య రంగం' అయినప్పుడు నర్సింగ్‌లా ఎందుకు లేవు? నా ఉద్దేశంలో జవాబు పాఠ్యాంశాల్లో లేదు, బిల్లు పుస్తకంలో ఉంది.

అమెరికాలో మానసిక ఆరోగ్య సేవలకు అన్నిటికంటే ఎక్కువగా డబ్బు చెల్లించేది పేదల ఆరోగ్య బీమా అయిన మెడిక్‌ఎయిడ్. అక్కడి బీమా పద్ధతిలో ప్రతి సేవకూ ఒక కోడ్, ఒక రేటు ఉంటాయి. దాన్ని తన పేరు మీద బిల్లు చేయడానికి లైసెన్సు కావాలి. కౌన్సెలర్ లైసెన్సుకు మాస్టర్స్ డిగ్రీ, దానిపైన పర్యవేక్షణలో 2,000 నుంచి 4,000 గంటల పని అవసరం. మాస్టర్స్ ఉన్న కౌన్సెలర్లకే వృద్ధుల బీమా మెడికేర్ నేరుగా చెల్లించడం మొదలుపెట్టింది 2024 జనవరి 1న. అంతవరకూ వారికీ ఆ తలుపు మూసే ఉండేది. అలాంటప్పుడు రెండేళ్ల డిగ్రీ మాటేమిటి? ఆ పట్టా ఉన్నవారు ఎవరో ఒకరి పర్యవేక్షణలో పనిచేస్తారు. వారి పనికి వచ్చే రేటు తక్కువ, అది సంస్థకు వెళుతుంది. అందులోంచి ఆఫీసు అద్దె, పర్యవేక్షకుడి జీతం పోగా మిగిలింది వారి జీతం. సంస్థ ఎంత మంచిదైనా ఆ రేటు దాటి ఇవ్వలేదు.

నర్సు తన పేరున బిల్లు రాయదు, నిజమే. కానీ ఆసుపత్రి నడవాలంటే లైసెన్సు ఉన్న నర్సు ఉండి తీరాలి. ఆమె స్థానంలో హైస్కూలు చదివినవారిని పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. మానసిక ఆరోగ్య సహాయకుడి విషయంలో ఒప్పుకుంటుంది. పైగా 2007లో మెడిక్‌ఎయిడ్ ఇంకో దారి కూడా తెరిచింది. తామే మానసిక సమస్యను ఎదుర్కొని కోలుకున్నవారు శిక్షణ, సర్టిఫికెట్ పొంది 'తోటి సహాయకులు'గా ఇచ్చే సేవలకూ రాష్ట్రాలు చెల్లించవచ్చని మార్గదర్శకాలు ఇచ్చింది. మంచి నిర్ణయమే. రోగులకు మేలు కూడా. కానీ రెండేళ్లు చదివినవారి మార్కెట్ విలువను అది పెంచలేదు.

కాబట్టి ఈ డిగ్రీ అసలు విలువ పై మెట్టుకు వెళ్లే హక్కులో ఉంది. మాదకద్రవ్యాల వ్యసనం, మానసిక ఆరోగ్య కౌన్సెలర్ల మధ్యగత వేతనం 2023లో 53,710 డాలర్లు. అందులో చేరడానికి సాధారణంగా బ్యాచిలర్ డిగ్రీ అడుగుతారు. రెండేళ్ల క్రెడిట్లతో నాలుగేళ్ల కాలేజీలో మూడో ఏడాదిలో చేరగలిగితే, బ్యాచిలర్ డిగ్రీ మొదటి సగం చవకగా అయిపోయినట్టే. ఆ మెట్టు గట్టిదేనా? కమ్యూనిటీ కాలేజీలో మొదలుపెట్టినవారిలో ఆరేళ్లలో బ్యాచిలర్ డిగ్రీ దాకా వెళుతున్నది సుమారు 16 శాతమేనని జాతీయ స్థాయి గణాంకాలు చెబుతున్నాయి. కాలేజీ మారినవారు సగటున 43 శాతం క్రెడిట్లను కోల్పోతున్నారని అమెరికా ప్రభుత్వ ఆడిట్ కార్యాలయం 2017లో అంచనా వేసింది. ఇది అన్ని రకాల మార్పిళ్లకూ కలిపి వేసిన సగటు. ప్రభుత్వ కాలేజీల మధ్య ముందే ఒప్పందం ఉన్నచోట నష్టం తక్కువగా ఉంటుంది. అందుకే ఏ కోర్సులో చేరినా, ఈ క్రెడిట్లను ఏ యూనివర్సిటీ పూర్తిగా తీసుకుంటుందో రాతపూర్వకంగా చూసుకోవడం లెక్కలన్నిటికంటే ముందు చేయాల్సిన పని. ఏ కాలేజీలో ఏ కోర్సు చదివినవారు ఎంత సంపాదిస్తున్నారో, ఎంత అప్పు మిగిలిందో ఆ దేశ విద్యాశాఖ నడిపే కాలేజ్ స్కోర్‌కార్డ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడవచ్చు.

సమాజం లెక్క వేరు

ఇక్కడిదాకా చూసింది ఒక మనిషి జేబు లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ నేతృత్వంలో 2016లో వచ్చిన ఒక అధ్యయనం 36 దేశాలను తీసుకుని, కుంగుబాటు, ఆందోళనల చికిత్స మీద పెట్టే ప్రతి డాలరుకూ మెరుగైన ఆరోగ్యం, పనిసామర్థ్యం రూపంలో నాలుగు డాలర్లు తిరిగొస్తాయని లెక్కకట్టింది. ఆ నాలుగు డాలర్లు ఎవరికి చేరతాయి? కోలుకుని ఉద్యోగానికి వెళ్లిన మనిషికి, అతని యజమానికి, అతని పిల్లలకు, ప్రభుత్వ ఖజానాకు. చేయి పట్టుకుని నడిపించిన సహాయకుడి జీతంలోకి మాత్రం రావు. ఈ డిగ్రీ విషయంలో జేబు లెక్కకూ సమాజం లెక్కకూ మధ్య దూరం నాకు తెలిసిన చాలా చదువుల్లో కంటే ఎక్కువ. అమెరికా ఆ దూరాన్ని కొంత పూడ్చడానికి 2007లో ఒక చట్టం చేసింది. ప్రభుత్వ లేదా లాభాపేక్ష లేని సంస్థలో పనిచేస్తూ 120 నెలసరి వాయిదాలు కట్టినవారికి మిగిలిన ఫెడరల్ విద్యారుణం మాఫీ అవుతుంది. అప్పు చేసి పై చదువుకు వెళ్లినవారికి ఇది పెద్ద ఊరట. అప్పే లేని రెండేళ్ల పట్టాదారుకు దీనివల్ల ఒరిగేది లేదు.

తక్కువ చదువుతో ఈ పని నాణ్యంగా చేయవచ్చా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. దానికి బలమైన సాక్ష్యం మన దేశం నుంచే వచ్చింది. విక్రమ్ పటేల్ బృందం గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్ర కుంగుబాటు ఉన్న 495 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2017లో లాన్సెట్‌లో వచ్చాయి. మానసిక వైద్యంలో ఏ డిగ్రీ లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, వారితో ఆరు నుంచి ఎనిమిది విడతల సంభాషణ చికిత్స ఇప్పించారు. మామూలు వైద్యం మాత్రమే అందినవారి కంటే, దానితో పాటు ఈ సంభాషణలూ అందినవారు మెరుగ్గా కోలుకున్నారు.

మనకు ఇలాంటి సిబ్బంది ఎంత అవసరమో 2015-16లో నిమ్‌హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చూపించింది. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఇక్కడ అసోసియేట్ డిగ్రీ అనే పేరు లేదు. కానీ దానికి దగ్గరి మెట్టు రెండు చోట్ల తయారవుతోంది. 2020 జాతీయ విద్యా విధానం డిగ్రీలో రెండేళ్లకే డిప్లొమాతో బయటికి రావడానికి వీలు కల్పించింది. 2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం, రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2,000 గంటల శిక్షణ పొందినవారిని అనుబంధ ఆరోగ్య వృత్తిదారులుగా గుర్తిస్తుంది. ఆ చట్టం జాబితాలో మానసిక ఆరోగ్య సహాయక సిబ్బంది కూడా ఉన్నారు. క్లినికల్ సైకాలజిస్టులు మాత్రం వేరే దారిలో, భారత పునరావాస మండలి నమోదు కిందే ఉన్నారు.

పేర్లు దగ్గరగా ఉన్నా ఈ రెండూ ఒకటి కావు. సైకాలజీ డిగ్రీలో చేరి రెండేళ్లకు డిప్లొమాతో బయటికొచ్చినంత మాత్రాన ఆ 2,000 గంటల శిక్షణ అయినట్టు కాదు. అది గుర్తింపు పొందిన వృత్తి కోర్సులో, ఆసుపత్రిలోనో కేంద్రంలోనో చేసిన పనితో కలిపి పూర్తి కావాలి. ఇక జీతం సంగతి చట్టంలో ఉండదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలోనో, 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ-మానస్‌లోనో పోస్టులు పడినప్పుడు, ఆ నోటిఫికేషన్‌లో అర్హత అనే గడిలో ఏ పట్టా పేరు రాస్తారో, దాని పక్క గడిలో ఏ అంకె వేస్తారో అదే దాని ధర. 14416కు ఫోన్ చేసినవారికి అవతల గొంతు వినిపించడమూ ఆ గడుల మీదే ఆధారపడి ఉంది.